పెర్ల్, లులు, ముత్యం: ఒక నగ మాట వెనక కథ

నగల పాఠం చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఏం చేస్తాం? బోర్డు మీద బొమ్మ వేసి, పెర్ల్ అంటే ముత్యం అని రాసి, ఐదుసార్లు రాయించి, తర్వాతి మాటకి వెళ్ళిపోతాం. పిల్లలు పరీక్షలో సరిగ్గానే రాస్తారు. నెల తిరిగేసరికి మరిచిపోతారు. ఆ మాట వాళ్ళ చుట్టూ ఉన్న దేనికీ అంటుకోలేదు మరి. తెలుగంటే తాతగారి ఊళ్ళో పనికొచ్చే భాష, బహ్రెయిన్‌లో దానితో పనేముంది అని చాలామంది పిల్లలు అనుకుంటారు. ముత్యం సంగతి తెలిస్తే అలా అనుకోరు. మన అమ్మమ్మలు గొప్పగా చెప్పుకున్న ముత్యాలు ఈ గల్ఫ్ సముద్రం నుంచి వచ్చినవే.

ముందు ఇంగ్లీషు మాట చూద్దాం

వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళకి పెర్ల్ అనే మాట లేదు. లాటిన్‌లో ముత్యాన్ని మార్గరీటా అనేవారు. ఆ పరాయి మాట నోరు తిరక్క వాళ్ళు దాన్ని మెరెగ్రోట్ అని మార్చుకున్నారు. మెరె అంటే సముద్రం, గ్రోట్ అంటే రేణువు. తెలియని మాటని తెలిసిన ముక్కలతో అతికించుకున్నారన్నమాట. మన పిల్లలు తెలుగు మాటల్ని విరిచి పలికినప్పుడు విసుక్కునే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి!

14వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి పెర్ల్ వచ్చి పాత మాటని తోసేసింది. దీని మూలం లాటిన్ పెర్నా అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పెర్నా అంటే పంది తొడ. ఒక రకం సముద్రపు చిప్ప ఆ ఆకారంలో ఉండేదని చిప్పకీ ఆ పేరే పెట్టారు. చిప్ప పేరు కాస్తా లోపలి ముత్యానికి వచ్చింది. రాణుల మెడలో మెరిసే నగ పేరు మాంసం కొట్టులో పుట్టిందంటే పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వుతోనే మాట గుర్తుండిపోతుంది. పాత మార్గరీటా మాత్రం మార్గరెట్ అనే ఆడపిల్ల పేరులో మిగిలింది. దాని చుట్టపు మాట మార్గరిన్ డబ్బా మీద కూడా ఉంది. 1813లో ఒక ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త కొవ్వులో ముత్యంలా మెరిసే పదార్థాన్ని చూసి పెట్టిన పేరు నుంచి అది వచ్చింది.

ఇక్కడి మాట, అక్కడి మాట

అరబిక్‌లో ముత్యం లులు. మనం వారాంతంలో సరుకులకి వెళ్ళే లులు పేరు అదే. పెద్ద, మేలైన ముత్యాన్ని గల్ఫ్‌లో దానా అంటారు. దానా మాల్ పేరు ఆ మాటే. పిల్లలు రోజూ ఈ మాటలు చదువుతూనే ఉన్నారు, అర్థం ఎవరూ చెప్పలేదంతే.

తెలుగు ముత్యం, పాతరూపం ముత్తెం, సంస్కృత ముక్తా నుంచి వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. ముక్తా అంటే విడుదలైనది, చిప్ప నుంచి బయటపడినది. ముక్తి అన్న మాట కూడా ఆ ధాతువు నుంచే. తమిళ ముత్తు లాంటి ద్రావిడ మాటే సంస్కృతంలోకి వెళ్ళిందని మరికొందరి వాదన. ఏదైనా, ఇంగ్లీషు మాట చిప్ప ఆకారాన్ని చూసింది, అరబిక్ మాట తళుకుని చూసింది, సంస్కృతం విడుదలని చూసింది.

హైదరాబాదు పాతబస్తీలో గల్ఫ్ ముత్యాలకి పేరు బస్రా ముత్యాలు. ముత్యం దొరికింది బహ్రెయిన్ చుట్టుపక్కల సముద్రంలో, పేరు దక్కింది ఇరాక్ రేవుపట్నానికి. ఇక్కడి తవ్వాష్‌లు, అంటే ముత్యాల వర్తకులు, సరుకుని ఎక్కువగా బొంబాయికి పంపేవారు. అక్కడినుంచి సంస్థానాలకి చేరేది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకి కొన్న నిజాం నగల్లో ఏడు వరసల బస్రా ముత్యాల హారం, సత్‌లడా, ఉంది.

సముద్రంలో దిగినవాళ్ళు

ఇది దాటవేయకండి. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఒక్క ఊపిరితో అడుక్కి దిగి చిప్పలు ఏరేవారు. పైన ఒకడు తాడు పట్టుకుని లాగేవాడు. పడవ యజమానిని నాఖుదా అంటారు. ఇది పారశీక మాట, అందులో మొదటి ముక్కా మన నావా ఒకే మూలానివి. నాఖుదా ముందుగా డబ్బు ఇచ్చేవాడు. సీజను బాగుండకపోతే ఆ అప్పు తీరేది కాదు, తండ్రి పోతే కొడుకు మీద పడేది. 1920లలో సంస్కరణలు వచ్చి, ప్రతివాడికీ లెక్కల పుస్తకం ఉండాలన్నారు.

అప్పు చేసి గల్ఫ్‌కి రావడం, ఆ అప్పు తీరేదాకా ఇంటిముఖం చూడకపోవడం కరీంనగర్ నుంచి కడప దాకా మన కుటుంబాలకి తెలిసిన కథే. అందుకే పెద్ద పిల్లలకి ఈ భాగం తప్పకుండా చెప్పండి. నగ అందం ఒకరి మెడలో ఉంటుంది, దాని ఖరీదు ఇంకొకరి ఊపిరిలో ఉంటుంది.

తర్వాత జపాన్ కల్చర్డ్ ముత్యాలు వచ్చాయి, ప్రపంచం ఆర్థిక మాంద్యంలో పడింది, 1932లో ఇక్కడ చమురు పడింది. ముత్యాల వృత్తి ఆగిపోయింది. ముహర్రక్‌లోని ఆనాటి ఇళ్ళూ, సముద్రంలోని మూడు చిప్పల మేటలూ 2012లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. మాట కూడా మారింది. అంతకుముందు ముత్యం అంటే చాలు. ఇప్పుడు 'అసలు ముత్యం', 'సహజ ముత్యం' అని విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

తెలుగులో మాత్రం ఆ మాట నగల పెట్టెలో ఆగిపోలేదు. భద్రాచలంలో రాములవారి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు. ఊరి దేవత ముత్యాలమ్మ. చక్కని దస్తూరీకి ముత్యాల్లాంటి అక్షరాలు. మాట్లాడనివాణ్ణి, "నోరు విప్పితే ముత్యాలు రాలతాయా?" అని దెప్పుతాం. ఆణిముత్యం అంటే గుండ్రని మేలిముత్యం. ఇప్పుడది మంచి సినిమాకీ వాడతాం, అల్లరి పిల్లాణ్ణి చూసి "మావాడో ఆణిముత్యం" అని వెక్కిరింపుకీ వాడతాం.

తరగతిలో

చిన్నపిల్లలకి: పెర్ల్, లులు, ముత్యం మూడూ ఒకే బొమ్మ కింద రాయించండి. ఈ వారం బయట ఎక్కడెక్కడ కనిపించాయో చెప్పమనండి.

పెద్దపిల్లలకి: అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి, ముత్యం అనే మాట నగకి కాకుండా ఇంకెక్కడ వాడతారో అడిగి రాసుకు రమ్మనండి. పై జాబితాలో లేని ప్రయోగం ఒక్కటి తెచ్చినా చాలు.

తల్లిదండ్రులకి: వీలైతే ఒక సెలవురోజు ముహర్రక్‌లోని ముత్యాల బాటలో పిల్లలతో నడవండి. నడిచినంతసేపూ తెలుగులోనే చెప్పండి. ఈ ఊరి కథని తెలుగులో చెప్పుకోగలిగిన పిల్లలకి తెలుగు తాతగారి ఊరి భాషగా మాత్రమే మిగలదు.