అప్‌డేట్ సగంలో కరెంటు పోతే? పరికరాన్ని మళ్లీ లేపే బుల్లి లైనక్స్

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గం ఖోంగ్‌సరా దాటాక ఘాట్ ఎక్కుతుంది. చుట్టూ అడవి. భన్వర్‌టోంక్ దగ్గర సొరంగం. అక్కడ పట్టాల పక్కన ఓ చిన్న పెట్టె ఉందనుకుందాం. లోపల లైనక్స్ నడుస్తుంటుంది. కొలతలు తీసి పంపడమే దాని పని. ఓ రాత్రి దానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపారు. సగం రాసేసరికి కరెంటు పోయింది. ఇక ఆ పెట్టె తనంతట తాను లేవాలి. లేదంటే కోనిలోని ఇంజినీరు ల్యాప్‌టాప్, కేబుల్ సర్దుకుని రైలెక్కాలి.

పెట్టె ఊహే గానీ, సమస్య ఊహ కాదు. దక్షిణ మధ్య రైల్వేలో కవచ్‌ను 1,465 రూట్ కిలోమీటర్లలో, 144 ఇంజిన్లలో అమర్చాక 2024 జూలైలో ఆర్‌డీఎస్‌ఓ 4.0 వెర్షన్‌కు ఆమోదం తెలిపింది. దాంతో అంతకుముందు పెట్టినదంతా పాత వెర్షన్ అయిపోయింది. కవచ్ ప్రాణరక్షణ వ్యవస్థ కాబట్టి దాని మార్పులకు ధ్రువీకరణ నియమాలు వేరు. కానీ ఊరూరా పరిచేసిన పరికరాలకు కొత్త సాఫ్ట్‌వేర్ చేర్చడం ఎంత పెద్ద పనో ఈ అంకెలు చెబుతాయి.

నడుస్తున్న లైనక్స్ తన ఫైళ్లను తానే పూర్తిగా తిరగరాసుకోవడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. అందుకే మెమరీలో ఓ మూల రెండో లైనక్స్‌ను విడిగా పెడతారు. అదే రెస్క్యూ సిస్టమ్. ఓ కెర్నల్, బిజీబాక్స్ లాంటి చిన్న పనిముట్లు, నెట్‌వర్క్, అప్‌డేట్ రాసే ప్రోగ్రామ్, అంతే. కొన్ని మెగాబైట్లలో సరిపోతుంది. అది మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి అసలు సిస్టమ్ ఉన్న భాగాన్ని నిశ్చింతగా చెరిపి రాయగలదు.

కీలకమంతా వరసలో ఉంది. అప్‌డేట్ రాగానే అసలు సిస్టమ్ 'ఈసారి రెస్క్యూలోకి వెళ్లు' అని బూట్‌లోడర్‌కు ఓ గుర్తు రాసి రీబూట్ అవుతుంది. రెస్క్యూ లేచి, ఫైలు మీది డిజిటల్ సంతకాన్ని సరిచూసి, రాసి, రాసినదాన్ని మళ్లీ చదివి పోల్చుకుంటుంది. ఆ తర్వాతే గుర్తు తుడుస్తుంది. మధ్యలో కరెంటు పోయినా గుర్తు అలాగే ఉంటుంది కాబట్టి, కరెంటు రాగానే రెస్క్యూయే లేచి పని మళ్లీ మొదలుపెడుతుంది. గుర్తును ముందే తుడిచేసే తొందరపాటు కోడ్ రాస్తే ఇంత ఏర్పాటూ వృథా.

సరిగ్గా రాసినా కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉంటే? యూ-బూట్ అనే బూట్‌లోడర్ ఎన్నిసార్లు బూట్ ప్రయత్నం జరిగిందో లెక్కపెట్టగలదు. కొత్త సిస్టమ్ బాగా లేచాక ఆ లెక్కను సున్నా చేయాలి. చేయలేకపోతే, పరిమితి దాటగానే దారి రెస్క్యూ వైపు మళ్లుతుంది. సిస్టమ్ బిగుసుకుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ కూడా ఉండాలి. లేకపోతే లెక్క ఒకటి దగ్గరే ఆగిపోతుంది.

ఇది మన జేబుల్లో ఉన్న సంగతే. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో 'రికవరీ' ఇదే: సొంత కెర్నల్‌తో వేరే పార్టిషన్. 2016లో ఆండ్రాయిడ్ 7.0 రెండు ప్రతుల పద్ధతి తెచ్చింది. ఒకటి నడుస్తుంటే రెండోదానిలో అప్‌డేట్ రాస్తారు. చెడితే పాతదానికి వెనక్కి. పరికరం ఆగాల్సింది ఒక్క రీబూట్ సేపే. చోటుంటే ఇదే మేలు. కానీ 256 మెగాబైట్ల ఫ్లాష్‌లో 150 మెగాబైట్ల సిస్టమ్ రెండుసార్లు ఎక్కడ పడుతుంది? అక్కడ రెస్క్యూయే గతి. ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్, రాక్ వంటి ఓపెన్‌సోర్స్ సాధనాలతో రెండు పద్ధతులూ అమలు చేయవచ్చు.

రెస్క్యూకు ఓ లోటుంది: వెనక్కి వెళ్లడానికి పాత ప్రతి ఉండదు. సర్వర్ నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సిందే. చిక్కు ఇక్కడే. పరికరం ఐదేళ్లు బాగా నడిచిందంటే, ఐదేళ్లుగా రెస్క్యూను ఎవరూ ముట్టుకోలేదని అర్థం. ఈలోగా సర్వర్ చిరునామా మారి ఉండొచ్చు, అందులోని సర్టిఫికెట్ గడువు తీరి ఉండొచ్చు. గడియారానికి బ్యాటరీ లేని పెట్టె 1970లో లేస్తుంది. ఆ తేదీకి ఏ సర్టిఫికెట్ చెల్లుతుంది? అలాగని రెస్క్యూను తరచూ అప్‌డేట్ చేస్తే, ఆఖరి ఆసరాను మనమే ప్రమాదంలో పెట్టినట్టు. నా మటుకు నేను రెస్క్యూను దాదాపు ముట్టుకోకుండా, ప్రతి విడుదలకు ముందు ప్రయోగశాలలో కావాలని కరెంటు తీసి పరీక్షించే జట్టునే నమ్ముతాను.

సంతకం సరైనదైతే చాలదు, ఫైలు ఆ మోడల్‌దేనా అన్నదీ చూడాలి. 2017 ఆగస్టులో అమెరికా కంపెనీ లాక్‌స్టేట్ ఒక మోడల్ స్మార్ట్ తాళాలకు మరో మోడల్ సాఫ్ట్‌వేర్ పంపింది. సుమారు 500 తాళాలు మొరాయించాయి, దూరం నుంచి బాగుచేసే వీలూ పోయింది. ఇంటి యజమానులు తాళం భాగాన్ని విప్పి కంపెనీకి పంపాల్సి వచ్చింది.