వీరగల్లులపై ఆయుధములు

గ్రామదేవాలయమునకు వెళ్లు త్రోవలో, చెరువుకట్టమీదనో చేనిగట్టుననో నూనె, కుంకుమ పూసిన నిలువురాతిని మనలో అనేకులము చూచియే యుందుము. పోతురాజనియో వీరభద్రుడనియో తలచి నమస్కరించి సాగిపోవుదుము. ఒక్క క్షణమాగి ఆ మూర్తి చేతిలోని ఆయుధమును పరికించినచో, అది వీరమరణము పొందిన మానవునికై నిలిపిన వీరగల్లని తెలియును.

చిత్తూరు, కడప, అనంతపురం ప్రాంతములలో ఇట్టి శిలలు విస్తారముగా కలవు. మందను దొంగలనుండి విడిపింపబోయి మరణించిన వారివే వీనిలో అనేకము. కొన్నింటిలో వీరుని ప్రక్కన చిన్న చిన్న ఆవులు చెక్కబడియుండును. ఒకని చేత విల్లు, మరొకని చేత కత్తియు డాలును, నడుమున బాకు. గుఱ్ఱముపై నున్నవాడు సామాన్యుడు కాడు. ఆయుధమే లేని వీరుడును కలడు: కర్ణాటకలోని ఆతకూరున 10వ శతాబ్దిలో, అడవిపందితో పోరాడి మడిసిన కాళి యను వేటకుక్కకు శిల నిలిపిరి. దాని కోరలే దాని ఆయుధములు!

మూడు అంతస్తుల శిలలలో క్రింద యుద్ధము, నడుమ వీరుని తోడ్కొనిపోవు అప్సరసలు, పైన శివలింగ సన్నిధి. క్రింద కత్తి దూసిన చేతులే పైన తరచుగా జోడింపబడియుండును. శిల్పి ఒక్క మాటయు వ్రాయకయే కథ ముగించెను. రంగులు దట్టముగా పూసినచో ఈ భేదమే మనకు కనబడకుండ పోవును. భక్తితోనే పూయుచున్నాము, కాని ఆ పూతక్రింద వీరుని గుర్తు మరుగుపడుచున్నది.

శ్రీశైలములో ఆయుధము మరొక దిక్కునకు తిరిగినది. 14వ శతాబ్దిలో రెడ్డిరాజు అనవేముడు అచట వీరశిరోమండపమును కట్టించెను. వీరభక్తులు తమ కత్తితో తమ శిరస్సునే మల్లికార్జునునకు అర్పించిన స్థలమది. అది ఆత్మహత్య కాదా యని కొందరడుగుదురు. నేటివారికి అది అనుసరణీయమని మేము చెప్పము. అయినను, శత్రువుపై ఎత్తిన కత్తిని, తనపై ఎత్తుకొన్న కత్తిని ఆ కాలమువారు ఒకే పేరుతో, వీరమని, పిలిచిరన్నది మరువరాదు.

పల్నాటి కారెంపూడిలో వీరుల గుర్తుగా శిలలును ఉన్నవి, ఆయుధములును ఉన్నవి. కార్తీక అమావాస్య మొదలు ఐదు దినములు జరుగు ఉత్సవములో కొణతములను నాగులేటికి కొనిపోయి స్నానము చేయించి, వీరుల గుడికి తిరిగి తెచ్చుదురు.