ఆ 82 రోజులు

1956 నవంబరు 23. ఇంకా తెల్లవారలేదు. ముందురోజు రాత్రి మద్రాసు ఎగ్మూరులో బయల్దేరిన తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ అరియలూరు దాటి కల్లగం వైపు వెళుతోంది. మీటరుగేజి లైను, బొగ్గు ఇంజను. ఈశాన్య రుతుపవనాల వానలు ఆ ప్రాంతాన్ని ముంచెత్తుతున్న రోజులవి. మూడో తరగతి బోగీల్లో చెక్కబల్లల మీద జనం కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే కునికిపాట్లు పడుతూ ఉంటారు. బల్లల మధ్య పరిచిన దుప్పట్ల మీద పిల్లలు, తలకింద మూటలు. ఆ కాలంలో రాత్రి రైలెక్కిన ఎవరికైనా తెల్లవారుజామున కనిపించే దృశ్యం అదే.

దారిలో మరుదైయారు అడ్డం. వానలకు ఏరు పోటెత్తింది. వంతెన దగ్గర కట్టను వరద కోసేసింది. పట్టాలు మాత్రం పైకి ఉన్నట్టే ఉన్నాయి. చీకట్లో డ్రైవరుకి కనిపించేవి ఆ పట్టాలే. ఇంజను నీళ్లలోకి కూలింది. వెనకున్న బోగీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. 140 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

ఈ ప్రమాదం ప్రస్తావన ఎప్పుడొచ్చినా మన మాట అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారి రాజీనామాతోనే మొదలవుతుంది. చనిపోయినవాళ్లు పక్కన ఒక అంకెగా మిగులుతారు. ఆయన ఆ ఉత్తరం రాసింది వాళ్ల కోసం. కథ వాళ్ల దగ్గర మొదలుకావడమే న్యాయం.

నిజానికి కథ అంతకంటే ముందే, మన గడ్డ మీద మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వరదకు దెబ్బతిన్న వంతెన రైలు కింద కూలిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అప్పటికి మహబూబ్‌నగర్ ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. మరో రెండు నెలలకు, నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పాలమూరు పల్లెల్లో చావు ఇళ్ల దుఃఖం ఆరకముందే కొత్త రాష్ట్రం వేడుకలు జరిగాయి. ఆ వేడుకలు జరిగిన మూడు వారాలకు మరుదైయారు పొంగింది.

రెండు ప్రమాదాల మధ్య 82 రోజులు.

మహబూబ్‌నగర్ ప్రమాదం జరిగినప్పుడే శాస్త్రిగారు రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. అక్కడితో ఆ సంగతి ముగిసిపోయినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. మంత్రి తన ధర్మం తాను నిర్వర్తించాడు, ప్రధాని వద్దన్నారు, పని సాగిపోవాలి. రాజకీయాల్లో పరువు దక్కడానికి అంతకంటే ఏం కావాలి?

రెండో ప్రమాదం దగ్గర ఆ లెక్క కుదరలేదు. మొదటిసారి కూడా వానే, వరదే, వంతెనే. అది వేరే రకం ప్రమాదమై ఉంటే, సిగ్నల్ పొరపాటో, బాయిలర్ పేలుడో అయి ఉంటే, దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. ఒకే రకం చావు మూడు నెలలు తిరక్కుండానే రెండోసారి వస్తే ఆ శాఖను నడిపేవాడు ఏమని జవాబు చెప్పాలి? శాస్త్రిగారి రాజీనామా వెనక నాకు కనిపించే అసలు కారణం ఇదే. మొదటి ఉత్తరం జరిగిపోయినదానికి బాధ్యతగా రాసింది. రెండోది ఆ 82 రోజులకు జవాబుగా రాసింది.

రైల్వేలో పనిచేసినవాళ్లకు వానాకాలపు గస్తీ అంటే ఏమిటో తెలుసు. రాత్రంతా గ్యాంగ్‌మన్ లాంతరు పట్టుకుని తన సెక్షన్‌లో పట్టాల వెంట నడుస్తాడు. వంతెన స్తంభాల మీద ప్రమాద మట్టం గుర్తు ఉంటుంది. నీరు ఆ గుర్తును తాకితే రైలు ఆపాలి. కట్ట కోసుకుపోయినట్టు కనిపిస్తే ఎర్రదీపం చూపాలి, పట్టాల మీద పటాసులు కట్టి డ్రైవరును హెచ్చరించాలి. ఆ గ్యాంగ్‌మన్ పైన మేస్త్రీ, ఆ పైన పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు, ఆ పైన ఇంజనీర్లు, జనరల్ మేనేజరు, బోర్డు. అందరికీ పైన మంత్రి. ప్రమాదం జరిగాక ఈ నిచ్చెన కింది మెట్టు మీదున్నవాడి మెడ మీద కత్తి పడటం ఎప్పుడూ జరిగేదే. గస్తీ తిరిగినవాణ్ని సస్పెండ్ చేస్తారు, విచారణ వేస్తారు, దుమారం చల్లారుతుంది. శాస్త్రిగారు నిచ్చెన పై మెట్టు నుంచి దిగడం మొదలుపెట్టారు.

దేశంలోని వంతెనలన్నిటినీ 82 రోజుల్లో బాగుచేయడం ఏ మంత్రి తరమూ కాదు. ఆ మాట ఆయన అనవచ్చు. వాన తన చేతిలో లేదనవచ్చు. తెల్లదొరల కాలం నాటి కట్టడాలనవచ్చు. నివేదిక వచ్చేదాకా ఆగమనవచ్చు. పార్లమెంటు సమావేశాలు జరుగుతున్నాయి. సభలో నిలబడి ఈ నాలుగు మాటలూ చెబితే కాదనేవాళ్లు తక్కువ. ఆయన వాటిలో ఒక్కటీ ఎంచుకోలేదు. తాను చప్పుడు చేయకుండా పదవి నుంచి తప్పుకుంటే తనకూ మంచిది, ప్రభుత్వానికీ మంచిది అన్న భావంతో ప్రధానికి ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం నెహ్రూకు కష్టం కలిగించింది. రాజీనామా ఆమోదించవద్దని ముప్ఫై మంది దాకా పార్లమెంటు సభ్యులు ఆయన్ని కోరారు. శాస్త్రి మీద ఆయనకున్న నమ్మకం కూడా చిన్నది కాదు. నవంబరు 26న నెహ్రూ లోక్‌సభలో మాట్లాడారు. అంతకు మించిన సహచరుణ్ని ఎవరూ కోరుకోలేరని శాస్త్రిని పొగిడారు. ప్రమాదానికి ఆయన ఏ రకంగానూ కారకుడు కాడని స్పష్టంగా చెప్పారు. అయినా రాజీనామా ఆమోదిస్తున్నానన్నారు. రాజ్యాంగ మర్యాద దృష్ట్యా ఒక ఉదాహరణ నిలబడాలనీ, ఏం జరిగినా మనకేమీ పట్టనట్టు సాగిపోతామని ఎవరూ అనుకోకూడదనీ ఆయన వివరణ సారాంశం. డిసెంబరు మొదట్లో రైల్వే శాఖ శాస్త్రిగారి చేతి నుంచి జగ్జీవన్ రామ్ చేతికి వెళ్లింది.

మంత్రి దిగిపోతే వంతెన గట్టిపడుతుందా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేం. సమర్థుడైన మంత్రి వెళ్లిపోతే శాఖకు నష్టమే. కానీ ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారని నాకనిపిస్తుంది. పైవాడు తప్పు తనదని ఒప్పుకోని చోట కిందివాడు తప్పును దాచిపెడతాడు. స్తంభానికి పగులు కనిపించినా రిపోర్టులో రాయడు. రాస్తే తన ఉద్యోగానికే ముప్పని భయపడతాడు. బాధ్యత పైనుంచి మొదలైతేనే కింద ఉన్నవాడికి నిజం చెప్పే ధైర్యం వస్తుంది. వంతెనలకు కావలసింది సిమెంటు ఒక్కటే కాదు.

శాస్త్రిగారికి ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చింది? మొగల్‌సరాయిలో పుట్టి ఏడాదిన్నర వయసుకే తండ్రిని పోగొట్టుకున్నవాడు. తల్లి రామ్‌దులారీ దేవి పుట్టింటివాళ్ల నీడలో పెరిగినవాడు. కాశీ విద్యాపీఠంలో చదివి ‘శాస్త్రి’ పట్టం తెచ్చుకుని, పుట్టుకతో వచ్చిన కులం పేరు వదులుకున్నవాడు. పెళ్లిలో కట్నంగా ఒక రాట్నం, కాస్త ఖద్దరు తీసుకున్నవాడు. లాలా లజపతిరాయ్ స్థాపించిన లోక్ సేవక్ మండల్‌లో చేరితే అది ఇచ్చే చిన్న భృతితో ఇల్లు నడిచేది. ఆయన జైల్లో ఉండగా మండలి నెలకు యాభై రూపాయలు ఇంటికి పంపేది. సరిపోతున్నాయా అని అడిగితే నలభైతో గడిచిపోతోందని, పది మిగులుతున్నాయని భార్య లలితాదేవి జవాబు రాశారట. వెంటనే ఆయన మండలికి ఉత్తరం రాసి, తమ ఇంటికి నలభై చాలనీ, మిగిలిన పదీ అవసరమున్న మరొకరికి ఇవ్వమనీ కోరారని చెబుతారు. ఆ జవాబు రాసినప్పుడు లలితాదేవికి ఇలా జరుగుతుందని తెలిసి ఉండదు. కడుపు కట్టుకుని ఆ పది మిగిల్చింది ఆవిడ. ఇలాంటి కథల్లో త్యాగం భర్త ఖాతాలో పడుతుంది. దాని బరువు మాత్రం వంటింట్లోనే తెలిసేది.

జైలు జీవితంలోదే మరో సంఘటన. కూతురికి జబ్బు చేసిందని కబురొచ్చింది. పదిహేను రోజుల పెరోలు ఇచ్చారు. ఆయన ఇంటికి చేరిన రోజునే బిడ్డ కన్నుమూసింది. అంత్యక్రియలు అయ్యాక గడువు ఇంకా మిగిలి ఉంది. బిడ్డ కోసం ఇచ్చిన గడువు, బిడ్డే లేనప్పుడు తనకెందుకన్నట్టు ఆయన తిరిగి జైలుకు వెళ్లిపోయారు. ఈ సంఘటన చదివినప్పుడల్లా నాకు ఇంట్లో ఉన్న తల్లి గురించి మనసు చివుక్కుమంటుంది. ఆమెకు ఆ రోజుల్లో తోడు అవసరం లేదా? ఈ ప్రశ్నకు సులువైన జవాబు లేదు. ఒకటి మాత్రం నిజం. 1956లో ఆయన చేసింది అప్పటికప్పుడు పుట్టిన ఆవేశం కాదు. తన పేరు మీద ఉన్నదానిలో తనది కానిది ఒక్క రోజైనా, పది రూపాయలైనా ఉంచుకోకపోవడం ఆయనకు అప్పటికే పాతికేళ్ల అలవాటు.

పదవి పోయినా ప్రజలు ఆయన్ని వదులుకోలేదు. 1957 ఎన్నికల్లో అలహాబాదు నుంచి గెలిచారు. మళ్లీ మంత్రి అయ్యారు. రవాణా, కమ్యూనికేషన్లు, ఆ తర్వాత వాణిజ్యం, పరిశ్రమలు. 1961లో హోం శాఖ. 1963లో కామరాజ్ ప్లాను వచ్చింది. పార్టీ పని కోసం ఆరుగురు ముఖ్యమంత్రులు, ఆరుగురు కేంద్రమంత్రులు పదవులు వదులుకున్నారు. వారిలో శాస్త్రిగారొకరు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లిన పాత్రికేయుడు కులదీప్ నయ్యర్‌కు ఇల్లంతా చీకటిగా కనిపించింది. ముందుగదిలో ఒక్క దీపం వెలుగుతోంది, అక్కడ శాస్త్రిగారు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. కరెంటు బిల్లు ఇప్పుడు తానే కట్టుకోవాలి కదా అన్నది ఆయన వివరణ. నిన్నటిదాకా దేశానికి హోం మంత్రిగా ఉన్న మనిషి, కొద్ది నెలల్లో ప్రధాని కాబోయే మనిషి, కూరల్లో ఆలుగడ్డలు ప్రియమయ్యాయని మానేశారనీ నయ్యర్ చెప్పారు. చేతి ఖర్చులకు ఆయన పత్రికలకు వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు.

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ కాలపు గాలి వీచింది. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు తనను తాకాయని నీలం సంజీవరెడ్డి 1964 మొదట్లో ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ ఏడాది జూన్‌లో ప్రధాని అయిన శాస్త్రిగారు ఆయన్ని తన మంత్రివర్గంలోకి తీసుకున్నారు. తప్పుకున్నవాడు తక్కువవాడు కాడని ఆ ప్రధానికి ఎవరో చెప్పనక్కరలేదు.

ఇక 1965. వర్షాలు ముఖం చాటేశాయి. అమెరికా నుంచి పీఎల్ 480 కింద వచ్చే గోధుమల ఓడల మీద దేశం ఆధారపడి ఉంది. సరిహద్దులో పాకిస్తాన్‌తో యుద్ధం. గోధుమలు ఇచ్చేవాడి షరతులకు తలొగ్గాలా, లేక ఉన్నదాంతో సర్దుకోవాలా అన్నది ప్రశ్న. శాస్త్రిగారు మొదట ఇంట్లో అడిగారు. ఒక సాయంత్రం పొయ్యి వెలిగించవద్దని లలితాదేవికి చెప్పారు. ఒక పూట తిండి లేకుండా పిల్లలు ఉండగలరా లేదా అన్నది తన ఇంటి పిల్లలతోనే చూసుకున్నారని ఆయన కొడుకులు తర్వాత చెప్పారు. పిల్లలు ఉండగలిగారు. ఆ తర్వాతే వారానికి ఒక పూట భోజనం మానమని ఆయన దేశాన్ని కోరారు.

మనకు ఒక్కపొద్దులు కొత్త కాదు. సోమవారం శివుడి పేరున, శనివారం వెంకన్న పేరున తరతరాలుగా ఉంటున్నాం. ఒక ప్రధానమంత్రి పేరున ఉండటం కొత్త. తాము ఉండే ఒక్కపొద్దు ఎవరి పాపం కోసమో కాదని, ఎవరి దర్జా కోసమో కాదని జనానికి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఎన్నికల్లో గెలిస్తే వచ్చేది కాదు. రేడియోలో ప్రసంగిస్తే వచ్చేది కూడా కాదు. మరుదైయారు ఒడ్డున చనిపోయినవాళ్ల కోసం తొమ్మిదేళ్ల కిందట రాసిన ఒక ఉత్తరం ఆ నమ్మకం వెనక ఉంది. అడిగిన మనిషి అంతకుముందే తన వంతు చెల్లించాడని జనానికి తెలుసు.

ఆయన కోరికకు వెనక చట్టమేదీ లేదు. మానకపోతే పడే జరిమానా లేదు. అయినా ఆ ఏడాది సోమవారం సాయంత్రాలు దేశంలో ఎన్నో ఊళ్ల హోటళ్లు తలుపులు మూసుకున్నాయి, ఎన్నో ఇళ్లలో రాత్రి అన్నం వార్చలేదు.