సానరాయిని చదివిన చేతులు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసి బతికే ఆడవాళ్లకి కత్తి మొద్దుబారితే రాబడి తగ్గుతుంది. అందుకే సానరాయి ఎంపిక కూటి ప్రశ్న. రాయిని తట్టితే ఖంగుమనాలి; బొంగురుగా మోగితే లోపల పగులున్నట్టే. తడిపి ఆరబెడితే పగులు వెంబడి తేమగీత మిగులుతుంది. వేలికి గరుకంతా ఒకేలా తగలాలి.

హార్బర్ దగ్గరి డాల్ఫిన్ నోస్ కొండరాయి ఇందుకు పనికిరాదు. అందులోని గట్టి గార్నెట్ గింజలు కత్తి అంచుని గీకేస్తాయి. ఆ రకం రాయికి 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండు ఆదివాసుల పేరు మీద ‘ఖోండలైట్’ అని పేరుపెట్టాడు. పేరు ఆదివాసులది, శాస్త్రం దొరది!

తట్టి, తడిపి, తడిమి తేల్చడం పరీక్ష కాదా? శ్రమకులాల తెలివిని ‘అలవాటు’ అని కొట్టిపారేసిన చరిత్రని ఆ చేతుల వైపు నుంచి తిరగరాయాలి.