బొమ్మ వెనుక అడవి

కదిలే బొమ్మల చిత్రమును చూచునప్పుడు మన కన్ను బొమ్మ వెంటనే పరుగిడును. దాని వెనుక కదలక నిలిచిన అడవిని, ఆకాశమును చిత్రించిన చేతిని తలచువారు అరుదు. అయినను ఆ చేతికి ఒక చరిత్ర కలదు.

నాటకపు తెరలు మనకు క్రొత్త కావు. సినిమా వచ్చిన పిదప ఆ కళ స్టూడియోలలో ప్రవేశించెను. హైదరాబాదు అమీర్‌పేటలోని సారథీ స్టూడియోలో నిర్మాణమైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలయ్యెను. అంతకు చాల ముందే, 1936లో, అడవి బాపిరాజుగారు ‘అనసూయ’, ‘ధ్రువ విజయము’ చిత్రములకు కళాదర్శకులైరి. వారు బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయులకు శిష్యులు. నీటిరంగులలో చేయి తిరిగినవారు.

మరుసటి యేట అమెరికాలో డిస్నీ సంస్థ ‘స్నో వైట్’ను వెలువరించెను. అందలి వెనుక దృశ్యములు నీటిరంగులతో వేసినవే. ఆ పద్ధతి ఇట్టిది: పాత్రలను పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకలపై గీసి దళసరి రంగులు పూయుదురు. సెకనునకు 24 ఫ్రేములు నడచుచుండ పలకలు మారుచుండును. క్రింది దృశ్యము మాత్రము మారదు. పాత్ర స్పష్టముగా కనబడవలెనన్న వెనుక రంగులు అణగియుండవలెను. ఆ పనికి నీటిరంగు తగినది. అందు కాగితపు తెలుపే వెలుగు. తడిసిన కాగితముపై రంగు ప్రాకి పొగమంచగును. కాని ఒకసారి తప్పిన కుంచెను దిద్దుట కష్టము. రాబోవు పాత్రకు చోటు విడిచి, తాను వెనుకకు తగ్గుటయే ఈ చిత్రకారుని నేర్పు.

1941 నాటి ‘డంబో’లోను ఈ రంగులే కలవు. మరుసటి యేటి ‘బాంబి’లో తైలవర్ణములు వచ్చినవి. నీటిరంగులు వెనుకబడి, సుమారు అరువది యేండ్లకు, 2002లో ‘లిలో అండ్ స్టిచ్’తో డిస్నీ చిత్రములలో మరల కనబడినవి. విడిచిన విద్యను చిత్రకారులు తిరిగి అభ్యసింపవలసి వచ్చెను.

నేడు అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములలో కంప్యూటరు శిక్షణాలయములు వెలసినవి. యానిమేషను నేర్చు యువజనులు తప్పును క్షణములో చెరిపివేయగలరు. అది మేలే. కాని ఎచట రంగు పూయక విడువవలెనో నేర్పునది తడి కాగితమే. బొమ్మలు గీయు పిల్లలున్న యిండ్లలో ఒక రంగుల పెట్టె, ఒక కుంచె ఉండుట మంచిది. విద్య ఒకసారి చేయి జారినచో మరల చిక్కుటకు ఒక తరము పట్టును.