పేడ పొయ్యికా, పొలానికా?

మన సేద్యం ఎలా ఉందో చూసి చెప్పమని 1889లో ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను పంపారు. రైతులు పేడను పిడకలు చేసి కాల్చేది తెలియనితనంతో కాదనీ, వంటచెరకు దొరక్కేననీ ఆయన 1893 నాటి నివేదికలో రాశాడు. గోబర్ గ్యాస్ తొట్లు కట్టిన తాపీమేస్త్రిని నేను. ఆ మాట ఎంత సరైనదో నాకు తెలుసు. పిడక మండితే అందులోని నత్రజని పొగతో పోతుంది, బూడిద మిగులుతుంది. అదే పేడ గాలి చొరబడని తొట్టిలో మురిగితే గ్యాస్ పొయ్యికి వస్తుంది, ఎరువు పొలానికి వెళుతుంది.

1930ల చివర్లో ఢిల్లీలో ఎస్.వి. దేశాయ్ దీనిమీద ప్రయోగాలు చేశారు. 1950లలో జశ్‌భాయ్ పటేల్ తయారుచేసిన నమూనాను తర్వాతి దశాబ్దంలో ఖాదీ కమిషన్ ఊళ్లకు చేర్చింది. అందులో ఇనప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. గ్యాస్ నిండితే లేస్తుంది, వాడుకుంటే దిగుతుంది. ఎంత మిగిలిందో ఇంటావిడకు చూడగానే తెలిసేది. కానీ డ్రమ్ముకు ఖర్చెక్కువ, పైగా తుప్పు. 1978లో ఉత్తరప్రదేశ్‌లోని అజిత్‌మల్ కేంద్రంలో డ్రమ్ము అక్కర్లేని జనతా నమూనా, 1984లో ఇంకా చవకైన దీనబంధు వచ్చాయి. ఈ రెండింటితో పని కమ్మరి చేతిలోంచి మేస్త్రి చేతికి వచ్చింది.

దీనబంధు గుమ్మటం కట్టడం నాకెంతో ఇష్టమైన పని. నేల మధ్యలో మేకు పాతి, దానికి పురికొస కట్టి, ఆ కొలత తప్పకుండా ఒక్కో ఇటుకా వంచి పెట్టాలి. కింద చెక్కల ఆసరా ఉండదు. ఒక వరస పూర్తిగా చుట్టుకున్నాకే అది తన బరువు తాను మోస్తుంది. లోపల ప్లాస్టరింగులో వెంట్రుకంత బీట ఉన్నా గ్యాస్ నిలవదు. అందుకే పూత మీద పూత వేసి, చివర సిమెంటు పాలు పూసేవాళ్లం. ఈ ఓపిక లేకుండా సబ్సిడీ గడువు కోసం హడావుడిగా కట్టినవే తొందరగా మూలపడ్డాయి. తప్పు పేడది కాదు.

రోజుకు 25 కిలోల పేడ పడితే సుమారు ఒక ఘనమీటరు గ్యాస్ వస్తుంది. పేడకు సమానంగా నీళ్లు కలిపి, గడ్డీ గాదమూ ఏరి పొయ్యాలి. ఆ చాకిరీ చాలాచోట్ల ఆడవాళ్లదే. ట్రాక్టర్లొచ్చి గొడ్ల చావిళ్లు ఖాళీ అయ్యాయి. 1999లో దీపం పథకం సిలిండరు తెచ్చింది. పొగ లేని వంట సులువుగా దొరికినప్పుడు వాళ్లు ఈ చాకిరీ వదిలేయడం న్యాయమే. కానీ తొట్టితోపాటు పొలానికి వెళ్లే ఎరువూ ఆగింది. ఆ లోటు యూరియా బస్తాలతో తీరదని నా గట్టి నమ్మకం.

మీ పెరట్లో పాత గుమ్మటం ఉంటే, ఇంట్లో రెండు మూడు గేదెలుంటే, పూడ్చే ముందు తెలిసిన మేస్త్రికి చూపించండి. మూత తీసిన వెంటనే ఎవరినీ లోపలికి దిగనివ్వకండి, ఆ గాలి ప్రాణం తీస్తుంది. గోడ గట్టిగా ఉంటే బీటలు పూడ్చి మళ్లీ వాడుకోవచ్చు.