థేమ్స్ నదీముఖంలో నీటి పరిశీలన: వేసవి లెక్కలు చెప్పిన చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- థేమ్స్ కాలుష్య చరిత్రలోని ముఖ్య దశలను వివరించగలుగుతారు.
- నదీముఖంలో నీటి నాణ్యతను ఋతువులవారీగా ఎందుకు కొలవాలో చెప్పగలుగుతారు.
- నీటి పరీక్షల నమోదులను చారిత్రక ఆధారాలుగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

నదిలోని మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే ప్రాంతాన్ని నదీముఖం అంటారు. వరదలు, ఎండలు, ఆటుపోట్లు ఇక్కడి నీటిని ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి. అందువల్ల ఒక రోజు సీసాలో పట్టిన నీటిని చూసి ఏడాది పరిస్థితిని నిర్ణయించలేం. లండన్ నగరానికి థేమ్స్ నది నేర్పిన పాఠం ఇదే.

2. వాసన నుంచి చట్టం దాకా

లండన్ మురుగునీరు 19వ శతాబ్దం మధ్యనాటికి నేరుగా థేమ్స్‌లోకి చేరేది. 1855 జూలైలో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే పడవలో వెళుతూ తెల్ల కాగితపు ముక్కలను తడిపి నీటిలో వేశాడు. ఎండ బాగా కాస్తున్నా, అంగుళం లోతుకు దిగేలోగా అవి కనబడకుండా పోయాయి. ఈ సంగతిని అతడు 'ది టైమ్స్' పత్రికకు రాశాడు. సాధనాలేవీ లేకుండా చేసిన తొలినాటి నీటి పరీక్షల్లో ఇదొకటి.

1858 వేసవి ఎండలకు నది నుంచి భరించలేని దుర్గంధం వచ్చింది. నది ఒడ్డునే ఉన్న పార్లమెంటు భవనంలో తెరలను సున్నపు క్లోరైడులో తడిపి కట్టవలసి వచ్చింది. ఆగస్టులో చట్టం వచ్చింది. ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ ఆధ్వర్యంలో భారీ మురుగు కాలువల నిర్మాణం సాగింది.

3. చోటు మారిన సమస్య

ఈ కాలువలు మురుగును నగరానికి తూర్పున ఉత్తర ఒడ్డున బెక్టన్‌కు, దక్షిణ ఒడ్డున క్రాస్‌నెస్‌కు చేర్చాయి. ఆటు సమయంలో వదిలితే అది సముద్రానికి పోతుందని భావించారు. కాని పోటు వచ్చినప్పుడు మురుగులో కొంత వెనక్కి వచ్చేది. 1878 సెప్టెంబరు 3న 'ప్రిన్సెస్ ఆలిస్' అనే ఆవిరి పడవ ఈ ప్రాంతంలోనే మునిగి 600 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదం తరువాత నీటి స్థితిపై ఆందోళన పెరిగింది. 1882లో రాయల్ కమిషన్ ఏర్పడింది. 1887 నుంచి మడ్డిని ఓడల్లో తీసుకువెళ్లి సముద్రంలో వేయసాగారు.

4. ఆక్సిజన్ లెక్కలు

1880ల నుంచి నది నీటి నమూనాలను క్రమంగా సేకరించి పరీక్షించడం మొదలైంది. వాసనకు బదులు, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ ముఖ్యమైన కొలమానమైంది.

వేసవిలో మూడు కారణాలు ఒకేసారి పనిచేస్తాయని గమనించండి. మొదటిది, వేడినీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. లీటరు మంచినీటిలో 0 డిగ్రీల వద్ద సుమారు 14.6 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు మాత్రమే పడుతుంది. రెండవది, వేడిలో బాక్టీరియా మురుగును వేగంగా కుళ్లబెడుతూ ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకుంటుంది. మూడవది, నదిలో ప్రవాహం తగ్గి మురుగు సముద్రానికి త్వరగా పోదు. అందుకే ఏడాది సగటు దాచిపెట్టే నిజాన్ని జూలై–సెప్టెంబరు లెక్కలు బయటపెడతాయి.

1950ల వేసవుల్లో కొన్ని మైళ్ల పొడవున నీటిలో ఆక్సిజన్ దాదాపు లేకుండా పోయింది. 1957లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఈ భాగాన్ని జీవం లేనిదిగా ప్రకటించింది. 1964లో వెలువడిన ప్రభుత్వ పరిశోధనాలయ నివేదిక ఏ మురుగు వల్ల ఎంత నష్టమో లెక్కకట్టింది. తరువాత క్రాస్‌నెస్, బెక్టన్ శుద్ధి కేంద్రాలను మెరుగుపరిచారు. 1974లో వెస్ట్ థరాక్ విద్యుత్ కేంద్రం వద్ద ఒక సాల్మన్ చేప దొరికింది.

1880ల నుంచి 1960ల వరకు గడిచిన కాలాన్ని లెక్కవేసి చూడండి. లెక్కలు చేతిలో ఉన్నా దిద్దుబాటుకు దశాబ్దాలు పట్టింది. కొలత నదిని బాగుచేయదు; బాగుచేయాలనుకున్నవారికి ఆధారమవుతుంది. ఆ ఆధారం ఒక్కరోజులో తయారుకాదు.

5. గోదావరికి అన్వయం

థేమ్స్ క్యాలెండరును మన నదులకు యథాతథంగా వర్తింపజేయకూడదు. ధవళేశ్వరానికి దిగువన, గౌతమి పాయలో వరదల కాలంలో ఎర్రటి బురదనీరు నిండి వెలుతురు లోపలికి పోదు. అప్పుడు సూక్ష్మ మొక్కల పెరుగుదల తగ్గుతుంది. వరద తీసి నీరు తేరుకున్నాక అవి పెరుగుతాయి. ఎండాకాలంలో ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. కాబట్టి అక్కడ వరదకు ముందు, వరదలో, వరద తరువాత నమూనాలు తీయాలి. వీలు దొరికిన చలికాలంలో ఒకసారి తీసి ఊరుకుంటే, ముప్పు ఉన్న నెలలు నమోదులోకే రావు. నమోదులో లేనిదాన్ని రేపటి చరిత్రకారుడు చూడలేడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బాజల్జెట్ పథకం నగరంలో ఏ సమస్యను తగ్గించింది? దిగువన ఏ సమస్యను మిగిల్చింది?
2. వేసవిలో థేమ్స్ ఆక్సిజన్ తగ్గడానికి మూడు కారణాలు రాయండి.
3. మీకు దగ్గరలోని నది లేదా చెరువు నీటిని ఏ నెలల్లో పరీక్షించాలి? కారణాలతో చర్చించండి.